అజ్ఞాత వైద్యర్షి యల్లాప్రగడ సుబ్బారావు

పాఠ్యభాగ ఉద్దేశం

మన దేహమనే కోటకు చర్మం ప్రాకారం, నోరు సింహద్వారం. ఈ రెండు చోట్లా కాపుండే వ్యాధినిరోధక కణాలు దేనిని ఎదిరించాలో, దేనిని సహించాలో నిర్ణయిస్తాయి. ఆ నిర్ణయం తప్పినప్పుడు కలిగే వ్యాధులకు నేడు వైద్యులు వాడుతున్న ఒక ముఖ్య ఔషధం వెనుక తెలుగువాని పరిశ్రమ ఉంది. కష్టాలకు ఓర్చి, కీర్తిని కోరక మానవాళికి మేలు చేసిన ఆ శాస్త్రవేత్త జీవితాన్ని పరిచయం చేయడం, విజ్ఞాన విషయాలను తెలుగులో చదివే అభిరుచిని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

వంకాయ కూర తింటే ఒళ్ళంతా దురద పెట్టేవారు మన బంధువులలో ఒకరైనా ఉంటారు. ఒకరికి రొయ్యలు పడవు. మరొకరికి వేరుశనగ పడదు. ఇంకొకరికి తలకు వేసుకొనే రంగు పడదు. ఇద్దరు మనుషులకు పొత్తు కుదరనప్పుడు వాడే మాటనే దేహానికీ పదార్థానికీ పొత్తు కుదరనప్పుడు కూడా తెలుగువారు వాడుతారు. ఈ మాటలో ఎంతో ఔచిత్యం ఉంది. రొయ్యలలో విషం లేదు. పక్క విస్తరిలో కూర్చున్నవాడు అవే తిని హాయిగా ఉంటాడు. అపాయం లేని పదార్థాన్ని శత్రువుగా పొరబడి దేహం యుద్ధానికి దిగడమే ఎలర్జీ.

ఈ యుద్ధాన్ని ఆరంభించేదీ, ఆపేదీ వ్యాధినిరోధక కణాలే. వాటిలో ఒక తెగను 1868లో పాల్ లాంగర్‌హాన్స్ అనే ఇరవై ఒక్క సంవత్సరాల వైద్య విద్యార్థి బెర్లిన్ నగరంలో మొదటిసారి చూశాడు. చర్మపు ముక్కకు బంగారు లవణంతో రంగు పట్టించి సూక్ష్మదర్శిని కింద పెట్టినప్పుడు, కొమ్మలు చాచిన చెట్ల వంటి కణాలు అతనికి కనిపించాయి. అవి నాడీకణాలని అతడు భావించాడు. అవి కావలి కణాలని శాస్త్రజ్ఞులు గ్రహించడానికి వంద సంవత్సరాలకు పైగా పట్టింది. చర్మంలోనే గాక నోటి లోపలి పొరలోనూ ఇవి ఉన్నాయి. తమ కొమ్మలతో పరిసరాలను తడిమి, దొరికిన పదార్థాల తునకలను దగ్గరి శోషరస గ్రంథులకు మోసుకొనిపోయి, అక్కడి తెల్లరక్తకణాలకు చూపుతాయి. ఆ తునక శత్రువుదా, మిత్రునిదా అనే తీర్పు అక్కడ జరుగుతుంది.

తీర్పు తప్పితే దేహం తన మీద తానే దండెత్తుతుంది. ఆ దండయాత్రను అదుపులో పెట్టే ఔషధాలలో మెథోట్రెక్సేట్ ముఖ్యమైనది. అది రూపొందిన పరిశోధక బృందానికి నాయకుడు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన ఎలర్జీని పరిశోధించినవారు కారు. కావలి కణాల కోసం వెతికినవారూ కారు. ఆయన వెతికినది తన ఇంటిలో ఇద్దరిని పొట్టన పెట్టుకున్న ఒక వ్యాధికి మందు.

సుబ్బారావు 1895 జనవరి 12న పశ్చిమ గోదావరి ప్రాంతంలోని భీమవరంలో జన్మించారు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. సంతానం ఎక్కువ, రాబడి తక్కువ. బాల్యంలో ఆయనకు చదువు మీద దృష్టి నిలవలేదు. పదమూడేళ్ళ ప్రాయంలో కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని ఇల్లు విడిచారు. దారిలోనే దొరికిపోయి ఇంటికి చేరారు. తల్లి వెంకమ్మ పట్టుదల గల ఇల్లాలు. ఎన్ని ఇబ్బందులు ఎదురైనా కుమారుని చదువు ఆగరాదని ఆమె సంకల్పం. రాజమహేంద్రవరంలో సాగని చదువు మద్రాసుకు మారింది. అక్కడి హిందూ ఉన్నత పాఠశాలలో చదివి, మూడవ ప్రయత్నంలో ఆయన మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. రెండుసార్లు తప్పిన ఆ విద్యార్థే తరువాత హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడన్న సంగతి విద్యార్థులు గుర్తుంచుకోదగినది.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదువుతున్న కాలంలో ఆయన మనసు రామకృష్ణ మఠం వైపు మళ్ళింది. సన్న్యాసం స్వీకరించాలనుకున్నారు. తల్లి సమ్మతించలేదు. వైద్యం నేర్చి దీనులకు సేవ చేయడమూ భగవంతుని సేవయేనని మఠం పెద్దలు హితవు చెప్పారు. ఆ విధంగా ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆయన చదువుకు ఆర్థికంగా ఆదుకున్నారు. 1919లో వారి కుమార్తె శేషగిరితో సుబ్బారావుకు వివాహం జరిగింది.

ఆ రోజులలోనే ఆ కుటుంబం మీద పిడుగు పడింది. సుబ్బారావు సోదరులు ఇద్దరు కొద్ది రోజుల వ్యవధిలో సంగ్రహణి వ్యాధితో మరణించారు. దీనినే పాశ్చాత్య వైద్యులు స్ప్రూ అంటారు. నోటిపూతను తెలిపే డచ్చి మాట నుండి ఆ పేరు వచ్చింది. వ్యాధి మొదట నాలుక మీదనే కనిపిస్తుంది. నాలుక ఎర్రబడి, పుండ్లు పడి, మెతుకు మింగడమే కష్టమవుతుంది. తిన్నది ఒంటబట్టదు. విరేచనాలతో, రక్తహీనతతో మనిషి నానాటికీ కృశించి పోతాడు. అన్నం ముందు పెట్టుకొని ఆకలితో చావడం వంటి చావు అది. ఇదే వ్యాధి సుబ్బారావునూ పట్టింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకున్నారు. అన్నదమ్ములు పోయారు, తాను మిగిలాడు. ఈ వ్యాధికి మూలమేమిటి, మందేమిటి అన్న ప్రశ్న ఆయనను జీవితాంతం విడిచిపెట్టలేదు.

స్వాతంత్ర్యోద్యమం ఉద్ధృతంగా ఉన్న కాలమది. గాంధీజీ పిలుపునందుకొని సుబ్బారావు ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతికి హాజరయ్యారు. ఆంగ్లేయుడైన ఆచార్యునికి అది రుచించలేదు. పరీక్షలలో బాగా రాసినప్పటికీ ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమూ దొరకలేదు. లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధిస్తూ, మన మూలికల గుణాలను ఆధునిక రీతిలో పరీక్షించాలని తపించారు. అందుకు తగిన సదుపాయాలు అక్కడ లేవు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సాయంతో, మామగారు సమకూర్చిన ధనంతో ఆయన ఓడ ఎక్కారు. 1922 అక్టోబరులో బోస్టన్ నగరంలో అడుగుపెట్టారు. భార్య శేషగిరిని ఆయన మళ్ళీ చూడలేదు. మాతృదేశానికి తిరిగి రాలేదు.

హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా చదువుతూ, పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని కూడా చేశారు. ఆ తరువాత జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ వద్ద చేరారు. దేహద్రవాలలో భాస్వరం ఎంత ఉన్నదో రంగు గాఢతను బట్టి తెలుసుకొనే పద్ధతిని వారిద్దరూ 1925లో ప్రకటించారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతిగా అది నేటికీ జీవరసాయన గ్రంథాలలో ఉంది. అదే సాధనంతో 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి. అనే పదార్థాన్ని కనుగొన్నారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే సంవత్సరం దానిని కనుగొన్నారు. ప్రతి జీవకణమూ శక్తిని ఎ.టి.పి. రూపంలోనే మార్పిడి చేసుకొంటుంది. మనం నడవడానికీ, ఆలోచించడానికీ, గుండె కొట్టుకోవడానికీ ఖర్చయ్యే నాణెం అది. 1930లో సుబ్బారావుకు డాక్టరేటు లభించింది.

ప్రతిభకు తగిన పదవి మాత్రం లభించలేదు. తరువాతి కాలంలో నోబెల్ బహుమతి పొందిన జార్జ్ హిచింగ్స్ ఆనాడు అదే ప్రయోగశాలలో పనిచేశారు. ఫిస్క్ అసూయ వల్ల సుబ్బారావు పరిశోధనలు కొన్ని వెలుగు చూడలేదనీ, ఏళ్ళ తరువాత ఇతరులు వాటిని మళ్ళీ కనుగొనవలసి వచ్చిందనీ ఆయన తెలిపారు. సుబ్బారావు ఎవరినీ నిందించలేదు. 1940లో హార్వర్డ్ విడిచి, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ఔషధ సంస్థలో చేరారు. త్వరలోనే అక్కడి పరిశోధనలకు సంచాలకులయ్యారు.

చిరకాలంగా మనసులో మెదలుతున్న ప్రశ్నకు సమాధానం వెతికే అవకాశం ఇప్పుడు చిక్కింది. 1931లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో నూలు మిల్లుల శ్రామిక స్త్రీలను పరీక్షిస్తూ ఒక సంగతి గమనించింది. గర్భిణులలో కనిపించే ఒక విధమైన రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతున్నది. అందులోని గుణకారి ఏదో తెలియలేదు. 1941లో టెక్సాస్ శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుండి అటువంటి పదార్థాన్నే రవ్వంత వేరుచేసి, ఆకు అనే అర్థం గల లాటిన్ మాటతో ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. టన్నుల కొద్దీ ఆకు నలిపితే రవ్వంత దొరికే మందు రోగులకు ఏ మూలకు వస్తుంది? సుబ్బారావు బృందం దానిని కాలేయం నుండీ, సూక్ష్మజీవుల నుండీ వేరుచేసి, నిర్మాణం ఛేదించి, 1945లో కృత్రిమంగా తయారు చేసింది. టామ్ స్పైస్ అనే వైద్యుడు క్యూబా దేశంలో స్ప్రూ రోగులకు దీనిని ఇచ్చి చూశారు. కొద్ది రోజులలోనే నాలుక పుండ్లు మానాయి, ఆకలి పుట్టింది, రక్తం పట్టింది.

వ్యాధి నోటిలోనే ముందుగా బయటపడడానికి కారణం ఉంది. నోటి లోపలి పొర నిత్యం అరుగుతూ నిత్యం కొత్తదవుతూ ఉంటుంది. కొత్త కణం పుట్టాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. అది కొరవడితే ముందుగా నాలుక, పేగులు, రక్తం దెబ్బతింటాయి. సుబ్బారావు పర్యవేక్షణలోనే బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను సాధించారు. టెట్రాసైక్లిన్ మందులన్నిటికీ అది పెద్దన్న. నేడు ఉష్ణమండల స్ప్రూ వ్యాధికి వైద్యులు ఇచ్చేది ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. ఫోలిక్ ఆమ్లం కృత్రిమ తయారీకీ, టెట్రాసైక్లిన్ తెగలోని తొలి మందుకూ పుట్టినిల్లు ఆయన ప్రయోగశాలే. అన్నదమ్ములను కాపాడుకోలేకపోయిన వ్యక్తి అదే వ్యాధి నుండి ముక్కూ మొగమూ తెలియని వేలాదిమందిని కాపాడాడు.

అక్కడితో కథ ఆగలేదు. రక్తకేన్సరు సోకిన పిల్లలకు ఫోలిక్ ఆమ్ల సంబంధ పదార్థాలు ఇస్తే వ్యాధి మరింత విజృంభించినట్లు బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు తోచింది. పెంచేది ఇది అయితే, దీనికి ఎదురు నిలిచేది వ్యాధిని తగ్గించాలి కదా అని ఆయన తర్కించారు. సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని చోటు ఆక్రమించి, దాని పని జరగనీయని పదార్థాలను రూపొందించింది. వాటిలో అమైనాప్టెరిన్ ఒకటి, మెథోట్రెక్సేట్ మరొకటి. అమైనాప్టెరిన్‌ను పదహారు మంది పిల్లలకు ఇవ్వగా పది మందిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించారు. పిల్లల రక్తకేన్సరు రసాయన చికిత్సకు అది నాంది. రెండు నెలలు గడిచాయి. ఆగస్టులో, యాభై మూడేళ్ళ వయసులో, సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు.

ఆయన తరువాత ఆయన మందు మరొక దారి పట్టింది. 1951లో రిచర్డ్ గబ్నర్ అనే అమెరికా వైద్యుడు కీళ్ళవాతం రోగులకు అమైనాప్టెరిన్ ఇస్తూ, సోరియాసిస్ ఉన్నవారి చర్మం కూడా తేటపడటం గమనించారు. సోరియాసిస్ అంటువ్యాధి కాదు. చర్మంలోని వ్యాధినిరోధక కణాలు కారణం లేకుండా కత్తి దూయడం వల్ల పొలుసులు రేగే వ్యాధి. క్రమంగా మెథోట్రెక్సేట్ సోరియాసిస్‌కూ, కీళ్ళవాతానికీ, లొంగని ఎగ్జిమాకూ మందయింది. కేన్సరుకు ఇచ్చే మోతాదులో అది కణాలను చంపుతుంది. వారానికి ఒక్కసారి ఇచ్చే అల్ప మోతాదులో కణాల కోపాన్ని శాంతింపజేస్తుంది.

ఆ శాంతి ఎలా కలుగుతుందో శాస్త్రజ్ఞులు వెదకగా, దారి మళ్ళీ ఎ.టి.పి. వద్దకు చేరింది. కణం లోపల ఉన్నంతసేపు ఎ.టి.పి. శక్తికి నాణెం. కణం గాయపడి అది బయటికి ఒలికితే అదే ప్రమాద ఘంటిక. కావలి కణాలు ఆ ఘంటికను విని మేల్కొంటాయి. చర్మంలోని లాంగర్‌హాన్స్ కణాల మీద ఒలికిన ఎ.టి.పి.ని విడగొట్టే ఎంజైము ఉంది. ఈ విధంగా విడిపోగా చివరకు మిగిలేది అడినోసిన్. అది చల్లబడమని చెప్పే సంకేతం. అల్ప మోతాదు మెథోట్రెక్సేట్ ఈ అడినోసిన్‌ను పెంచుతుందని, దాని శాంతిగుణానికి అదొక ప్రధాన కారణమని నేటి శాస్త్రజ్ఞుల అభిప్రాయం. యువకుడిగా హార్వర్డ్‌లో కనుగొన్న పదార్థమూ, చివరి రోజులలో పెర్ల్ రివర్‌లో రూపొందిన ఔషధమూ కావలి కణాల ముంగిట ఇలా కలుసుకొన్నాయి. ఈ సంగతి ఎరగకుండానే ఆయన వెళ్ళిపోయారు.

ఈ మందుకు ఒక చిక్కు ఉంది. ఫోలిక్ ఆమ్లానికి అడ్డు నిలుస్తుంది కనుక కొందరికి నోటిపూత తెస్తుంది. అందుకే దీనిని వాడేవారికి వైద్యులు వేరొక రోజున ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా ఇస్తారు. ఒకటి చర్మానికి శాంతి, మరొకటి నోటికి రక్ష. ఒకదానికొకటి విరుద్ధమైన రెండు మందులు ఒకే రోగి చేతిలో కలిసి మేలు చేస్తున్నాయి. వైద్యుల పర్యవేక్షణ లేకుండా మెథోట్రెక్సేట్ వాడటం ప్రాణాంతకం. గర్భిణులు దానిని తాకరాదు.

ఆయన కాలం తరువాత కావలి కణాల గురించిన జ్ఞానం ఎంతో పెరిగింది. నోటి ద్వారా వచ్చిన ఆహారాన్ని దేహం సాధారణంగా మిత్రునిగా స్వీకరిస్తుంది. పగిలిన చర్మం ద్వారా అదే పదార్థం చొరబడితే శత్రువుగా ముద్ర వేసే ప్రమాదం ఉంది. ఎలర్జీ ముప్పు ఎక్కువగా ఉన్న ఆరువందల నలభై మంది పసిపిల్లలను లండన్ వైద్యులు పరిశీలించి 2015లో ఫలితాలు ప్రకటించారు. శైశవం నుండే వేరుశనగ తిన్న పిల్లలలో దాని ఎలర్జీ, తినకుండా దూరం పెట్టినవారిలో కంటే ఎంతో తక్కువగా కనిపించింది. దూరం పెడితే వైరం పెరిగింది, పరిచయం చేస్తే చెలిమి కుదిరింది. ఈ చెలిమిని కాపాడే నియంత్రక కణాలను గుర్తించినందుకు షిమోన్ సకగుచి, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు 2025లో నోబెల్ బహుమతి లభించింది. బలమంటే కత్తి దూయడమే కాదు, కత్తిని ఒరలో ఉంచగలగడం కూడా అని మన దేహమే మనకు నేర్పుతున్నది.

సుబ్బారావుకు నోబెల్ బహుమతి రాలేదు. విలేఖరులను పిలిచి తన విజయాలను చాటుకోవడం ఆయనకు చేతకాదు. సహచరులనే ముందుకు నెట్టి తాను వెనుక నిలిచేవారు. ఒక శిలీంధ్రానికి శాస్త్రజ్ఞులు ఆయన పేరు కలిసి వచ్చేలా సుబ్బరోమైసిస్ అని నామకరణం చేశారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం ఆయన స్మారక తపాలా బిళ్ళ విడుదల చేసింది. ఆయన పర్యవేక్షణలోనే వెలువడిన డి.ఇ.సి. మాత్ర బోదకాలుకు మందు. ఫైలేరియా క్రిముల మీద దేహం అతిగా విరుచుకుపడటం వల్ల వచ్చే ఉష్ణమండల ఇస్నోఫీలియాకూ అదే మందు. బోదకాలు నివారణకు తెలుగు జిల్లాలలో ఇంటింటికీ పంచిన మాత్ర అది. అంగన్‌వాడీలో గర్భిణి చేతిలో పడే ఇనుము–ఫోలిక్ ఆమ్లం మాత్రలో ఆయన శ్రమ ఉంది. మింగేవారికి ఆయన పేరు తెలియదు. పేరు తెలియకున్నా మందు పనిచేస్తుంది. బహుశా ఆయన కోరుకున్నది అదే.

అర్థాలు

ప్రాకారం = కోటగోడ
ఔచిత్యం = తగి ఉండటం
సూక్ష్మదర్శిని = కంటికి కనిపించని వాటిని పెద్దవిగా చూపే పరికరం
శోషరస గ్రంథులు = వ్యాధినిరోధక కణాలు కూడే చిన్న గ్రంథులు
సంగ్రహణి = తిన్న ఆహారం ఒంటబట్టని దీర్ఘవ్యాధి
కృశించు = చిక్కిపోవు
ఉద్ధృతం = తీవ్రం
భాస్వరం = ఫాస్ఫరస్
నాంది = ఆరంభం
శిలీంధ్రం = బూజు జాతికి చెందిన జీవి

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. సోదరుల మరణం సుబ్బారావు పరిశోధనలకు ఏ విధంగా ప్రేరణ అయింది? వివరించండి.
2. చర్మంలోనూ నోటిలోనూ ఉండే కావలి కణాల పనితీరును, మెథోట్రెక్సేట్ ప్రభావాన్ని పాఠం ఆధారంగా రాయండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ‘పడదు’ అనే మాటలోని ఔచిత్యం ఏమిటి?
2. స్ప్రూ వ్యాధి నోటిలోనే ముందుగా బయటపడటానికి కారణం తెలపండి.
3. మెథోట్రెక్సేట్‌తో పాటు ఫోలిక్ ఆమ్లం ఎందుకు ఇస్తారు?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. సుబ్బారావు ఎక్కడ జన్మించారు?
2. ఎ.టి.పి.ని ఏ సంవత్సరంలో కనుగొన్నారు?
3. లాంగర్‌హాన్స్ తాను చూసిన కణాలను ఏమని భావించాడు?